తెలుగు ఒక మతమైన చోట

మారిషస్ జనాభా లెక్కల్లో మతాల పట్టిక చూస్తే హిందువులు, ముస్లింలు, క్రైస్తవుల వరసలోనే తమిళులు, మరాఠీలు, తెలుగువారు కూడా కనిపిస్తారు. భాషల పట్టికలో కాదు, మతాల పట్టికలోనే. 'మీ మతమేది?' అని అడిగితే 'తెలుగు' అని జవాబు చెప్పేవాళ్లు హిందూ మహాసముద్రంలోని ఆ చిన్న దీవిలో వేల సంఖ్యలో ఉన్నారు. మన ఊళ్లో ఎవరైనా అలా అంటే వేళాకోళం అనుకుంటాం. అక్కడ అది నిజాయితీగా చెప్పే జవాబు. అలా చెప్పేవారిలో ఎక్కువమంది ఇళ్లలో వినిపించే భాష మాత్రం క్రియోల్. 2011 లెక్కల నాటికే ఆ దేశ జనంలో 84 శాతం మంది ఇంటిభాష అది. 2022కి 90 శాతమైంది.

ఈ సంగతి వినగానే తెలుగునాట రెండు రకాల స్పందనలు వస్తాయి. 'అయ్యో, భాష పోగొట్టుకున్నారే' అని కొందరు నిట్టూరుస్తారు. 'ఇన్ని తరాలైనా ఎంత భద్రంగా కాపాడుకున్నారో' అని ఇంకొందరు మురిసిపోతారు. ప్రపంచ తెలుగు మహాసభల వేదికల మీద ఈ రెండో పాట ఎక్కువ. రెండింటి వెనుకా ఒకే ఊహ ఉంది. అస్తిత్వం అనేది ఓడెక్కేటప్పుడు మోసుకెళ్లిన ట్రంకుపెట్టె అని, తరతరానికీ అందులోంచి కొంత సామాను పోతుందని, జాగ్రత్తపరులైతే కొంత మిగులుతుందని. మారిషస్ తెలుగువారి చరిత్ర ఈ ఊహకు ఎక్కడా సరిపోదు. వాళ్లు ఇప్పుడు 'తెలుగు' అంటున్నది ముత్తాతల దగ్గర ఉన్న వస్తువు కాదు. చాలామటుకు అక్కడే, 20వ శతాబ్దంలో, అక్కడి ప్రభుత్వం గీసిన గడుల్లో, పక్క సమూహాలతో పోటీలో తయారైంది.

మొదటి తరం సంగతి చూద్దాం. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దవుతున్న రోజుల్లో మారిషస్ చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చారు. 1834 నవంబర్ 2న 'అట్లాస్' అనే ఓడలో తొలి ఒప్పంద కూలీలు పోర్ట్ లూయీలో దిగారు. ఆ తర్వాత 20వ శతాబ్దం తొలినాళ్ల దాకా సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఆ రేవు మెట్లెక్కారు. ఆ మెట్లున్న ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. తెలుగువారిలో చాలామంది గోదావరి తీరం నుంచి, విశాఖ వైపు నుంచి వెళ్లినవాళ్లు. ఇప్పుడు మడ అడవులకే పేరున్న కోరింగ అప్పట్లో రద్దీగా ఉండే రేవు.

ఆ కూలీని ఊళ్లో 'ఎవరివి?' అని అడిగితే 'తెలుగువాణ్ణి' అని చెప్పేవాడు కాదు. ఇంటిపేరు చెప్పేవాడు, కులం చెప్పేవాడు, ఫలానా ఊరివాణ్ణనో, ఫలానా వారి అల్లుణ్ణనో చెప్పేవాడు. చుట్టూ అందరూ తెలుగే మాట్లాడుతుంటే అది విడిగా చెప్పుకోవలసిన సంగతి కాదు. తెలుగువాడు కావడానికి అతను సముద్రం దాటాలి. దాటాక కూడా వెంటనే కాలేదు. అతన్ని రిజిస్టరులో ఎక్కించిన గుమస్తా కులం, ఊరు రాసుకున్నా, లెక్క కట్టింది మాత్రం ఎక్కిన రేవు ఏ రాజధాని పరిధిలోది అన్నదాన్ని బట్టే. కలకత్తా, మద్రాసు, బొంబాయి. తెలుగు కూలీ, తమిళ కూలీ ఇద్దరూ మద్రాసు లెక్కలోకే వెళ్లారు.

ఇంటిపేర్ల గతి మరీ చిత్రం. మనకు ఇంటిపేరు ముందుంటుంది, మనిషి పేరు వెనుక వస్తుంది. వలస రిజిస్టరుకు ఆ పద్ధతి తెలియదు. అప్పయ్యగా దిగినవాడి పేరే కొడుకులకు, మనవలకు ఇంటిపేరైపోయింది. అసలు ఇంటిపేరుతో పాటు గోత్రం, వావివరసలు చూసుకునే లెక్క కూడా చాలా కుటుంబాల్లో చెరిగిపోయాయి. ఓడలో, తోట బారకాసుల్లో కులం పట్టు సడలింది. ఆడవాళ్లు తక్కువగా వెళ్లారు కనుక పెళ్లిళ్లలో పట్టింపులూ తగ్గాయి. తోటల్లో ఎక్కువమంది బిహార్ వైపు నుంచి వచ్చినవాళ్లు కావడంతో కూలీల మధ్య భోజ్‌పురి నడిచింది, తోట బయట క్రియోల్ నడిచింది. రెండు మూడు తరాలు గడిచేసరికి తెలుగు వంటింట్లో, గుడి దగ్గర, పెద్దవాళ్ల నోళ్లలో మిగిలింది. ఇక్కడితో ఆగిపోయి ఉంటే 'కరిగిపోయిన తెలుగువారు' అని ఒక్క వాక్యంలో చెప్పేసేవాళ్లం.

కథ మలుపు తిరిగింది 1940లలో. అంతవరకూ ఆ దీవిలో ఓటుహక్కు ఆస్తిపరులది. 1947 నాటి కొత్త ఏర్పాటులో, గుర్తించిన భాషల్లో ఏదో ఒకదానిలో తేలిక వాక్యాలు చదివి రాయగలిగితే చాలు, ఓటు ఇస్తామన్నారు. ఆ జాబితాలో భారతీయ భాషలూ ఉన్నాయి. ఓటర్లు సుమారు 12 వేల నుంచి ఒక్కసారిగా 70 వేలు దాటారు. బసుదేవ్ బిసూన్‌దయాళ్ నడిపిన 'జన ఆందోళన్' ఉద్యమ కార్యకర్తలు పల్లెపల్లెకూ తిరిగి, రాత్రిబళ్లు పెట్టి, కూలీల చేత అక్షరాలు దిద్దించారు. తాతల లిపి నేర్చుకుంటే ఓటు వస్తుంది. భాష అప్పుడు జ్ఞాపకం కాస్తా హక్కుగా మారింది. మారిషస్ ఆంధ్ర మహాసభ పుట్టింది కూడా ఆ దశాబ్దంలోనే. 'మద్రాసు' లెక్క నుంచి 'ఆంధ్ర' విడిపోయింది. తెలుగు మాట్లాడటం తగ్గుతున్న కాలంలోనే తెలుగువారిగా సంఘం కట్టుకోవడం మొదలైందన్నది ఇందులో గమనించవలసిన సంగతి.

1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. రాజ్యాంగం దేశ జనాన్ని హిందువులు, ముస్లింలు, చైనా సంతతివారు అని మూడుగా విడదీసి, జీవనవిధానాన్ని బట్టి ఈ మూడింటిలో దేనికీ చెందరనిపించిన ప్రతివారినీ 'సాధారణ జనాభా' కింద చేర్చింది. ఎన్నికైన 62 మందికి తోడు, తక్కువ ప్రాతినిధ్యం దక్కిన సమూహాల నుంచి ఓడిన అభ్యర్థుల్లో మెరుగైనవారికి మరో 8 సీట్లు ఇచ్చే పద్ధతి పెట్టారు. దాన్ని 'బెస్ట్ లూజర్' అంటారు. 1982లో జనగణన నుంచి ఈ సమూహాల ప్రశ్నను తీసేశారు కానీ సీట్ల లెక్కకు 1972 నాటి జనాభానే ఆధారంగా ఉంచేశారు. అభ్యర్థి ఏదో ఒక సమూహం పేరు చెప్పి తీరాలనడం పౌరహక్కులకు విరుద్ధమని 2012లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ అభిప్రాయపడింది. 2014 ఎన్నికలకు మాత్రం ఆ నిబంధనను తాత్కాలికంగా సడలించారు.

ఈ లెక్కలో తెలుగువారు హిందువులే. మరి జనగణన మతాల పట్టికలో విడిగా ఎందుకు నిలబడ్డారు? అక్కడ 'హిందువు' అంటే వాడుకలో భోజ్‌పురి, హిందీ వారసత్వం ఉన్నవాడు. ఆ పెద్ద సమూహంలో కలిసిపోతే తమకు వాటా ఉండదని తమిళులు, తెలుగువారు, మరాఠీలు గ్రహించారు. పంచుకోవడానికి ప్రభుత్వం దగ్గర చాలానే ఉంది. బడుల్లో భాషా ఉపాధ్యాయుల ఉద్యోగాలు, రేడియో టీవీల్లో సమయం, సాంస్కృతిక కేంద్రాలకు నిధులు, సెలవులు. తైపూసం సెలవు తమిళులది, వినాయక చవితి మరాఠీలది, ఉగాది తెలుగువారిది. ఉగాది రోజు మారిషస్ దేశమంతా సెలవు. పండుగ పాతదే. దానికి సమూహం జెండా పండుగ హోదా ఇచ్చింది మాత్రం సెలవుల జాబితాయే.

ఈ పోటీ ఎంత సున్నితమో 1998లో కరెన్సీ నోట్లు చూపించాయి. కొత్త నోట్ల మీద అప్పటిదాకా ముందుండే తమిళ అక్షరాలు హిందీ తర్వాతకి వెళ్లాయి. తమిళులు ఆందోళనకు దిగారు. ప్రభుత్వం ఆ నోట్లను ఉపసంహరించుకుని, పాత వరసలో మళ్లీ అచ్చు వేయించింది. అంతకు మూడేళ్ల ముందు, ప్రాథమిక విద్య చివరి పరీక్షలో ఈ ప్రాచ్య భాషల మార్కులను ర్యాంకుకు లెక్కించాలన్న పేచీ రాజ్యాంగ సవరణ దాకా పోయింది. సవరణ వీగిపోయి, పార్లమెంటు రద్దయి, 1995 డిసెంబర్ ఎన్నికల్లో అధికార పక్షం ప్రధాన దీవిలోని 60 సీట్లనూ పోగొట్టుకుంది. ఓటమికి ఇదొక్కటే కారణం కాదు. అయినా, ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడని భాషల మార్కులు ఒక ప్రభుత్వాన్ని ఎన్నికల దాకా ఈడ్చాయంటే ఆ భాషలు అక్కడ మాట్లాడుకోవడానికి కాక మరో పనికి ఉన్నాయని అర్థం చేసుకోవాలి.

నార్వే మానవశాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ బార్త్ 1969లో వెలువరించిన సంకలనంలో ఈ సంగతినే సిద్ధాంతంగా చెప్పాడు. ఒక సమూహాన్ని నిలబెట్టేది లోపలున్న సంస్కృతి సరుకు కాదు, పక్కవాళ్లకూ తమకూ మధ్య గీసుకున్న గీత. సరుకు ఎంత మారినా గీత ఉన్నంతకాలం సమూహం ఉంటుంది. మారిషస్‌లో ఆ గీతను ఏటేటా దిద్దుతున్నవి పూజలు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, దీపం చుట్టూ తిరుగుతూ చేసే రామభజన. ఉత్తరాంధ్ర పాఠకుడికి ఈ జాబితా చదవగానే ఒళ్లు పులకరిస్తుంది. కానీ సింహాచలం కొండ దిగువన అప్పన్న అందరి దేవుడు. ఒడియా భక్తుడూ వస్తాడు, తెలుగువాడూ వస్తాడు. మారిషస్‌లో అప్పన్న తెలుగువారిని మిగతా హిందువుల నుంచి వేరుచేసే దేవుడు. అదే దేవుడు, అదే పూజ, చేస్తున్న పని వేరు.

దీని పర్యవసానం ఒకటి మనం ఆలోచించం. ఆంధ్రలోనో తెలంగాణలోనో ఒక కుటుంబం క్రైస్తవం తీసుకుంటే వాళ్ల తెలుగుతనాన్ని ఎవరూ ప్రశ్నించరు. తెలుగు క్రైస్తవ కీర్తనలకు తరాల చరిత్ర ఉంది. హైదరాబాద్‌లోనో కర్నూల్లోనో ముస్లిం ఇంటి పిల్లవాడు తెలుగు మీడియంలో చదివి తెలుగులో కవిత్వం రాస్తాడు. తెలుగు మతంగా మారిన చోట ఈ వెసులుబాటు ఉండదు. మతం మారినవాడు జనగణన పట్టికలో ఆ వరస నుంచి తప్పుకుంటాడు. మతాల మధ్య ఉమ్మడిగా ఉండగలగడం భాషకున్న పెద్ద బలం. అక్కడి ఏర్పాటు తెలుగును నిలబెట్టింది, ఆ బలాన్ని మాత్రం తీసేసుకుంది.

బడిలో ఇంకో చిత్రం ఉంది. మారిషస్ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు 'పూర్వీకుల భాష'గా తెలుగు ఎంచుకోవచ్చు. మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ సంస్థలో పై స్థాయి వరకూ తెలుగు బోధన ఉంది. పిల్లలు గుణింతాలు రాస్తారు, పరీక్షలు పాసవుతారు, ఇంటికొచ్చి అమ్మతో క్రియోల్‌లో మాట్లాడతారు. దీనికి సరిగ్గా అద్దంలో బింబం తమిళనాడులో కనిపిస్తుంది. 2011 జనగణన ప్రకారం అక్కడ తెలుగు మాతృభాషగా ఉన్నవారు 42 లక్షలకు పైనే. శతాబ్దాల క్రితం వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఇళ్లలో తమదైన తెలుగు మాట్లాడుకుంటూనే ఉన్నాయి. వాళ్లలో చాలామంది పిల్లలకు తెలుగు అక్షరం రాదు. 2006 చట్టంతో పదో తరగతి వరకు తమిళం తప్పనిసరి అయ్యాక ఆ అవకాశం మరీ కుంచించుకుపోయింది. ఒకచోట మాట లేని అక్షరం, ఇంకోచోట అక్షరం లేని మాట. ఎవరు ఎక్కువ తెలుగువారు? మారిషస్ మనిషికి తెలుగు అన్నది పౌరజీవితంలో ఒక స్థానం. తమిళనాడు తెలుగు మనిషికి అది ఇంటి సంగతి. అతని బతుకును నిర్ణయించే గడి తరచుగా కులానిది. తెలుగు మాట్లాడే దళితుల్లో పెద్ద భాగమైన అరుంధతీయులు 2009లో సాధించుకున్న 3 శాతం అంతర్గత రిజర్వేషన్ కులం పేరు మీద వచ్చింది, భాష పేరు మీద కాదు. ప్రభుత్వం ఏ గడి తెరిస్తే ఆ గుర్తింపు గట్టిపడుతుందనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

మారిషస్ ఏర్పాటులో అన్యాయం ఎవరికి జరిగిందో కూడా చెప్పాలి. 'పూర్వీకుల భాష' చూపించగలిగినవాడికే అక్కడ సంస్కృతి ఉన్నట్టు లెక్క. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి ఏ భాష చూపించాలి? వాళ్ల పూర్వీకుల భాషలను తోటల యజమానులే తుడిచేశారు. రాజ్యాంగం వాళ్లను మిగతావారితో కలిపి 'సాధారణ జనాభా' అంది. 1999 ఫిబ్రవరిలో కాయా అనే గాయకుడు పోలీసు కస్టడీలో చనిపోయినప్పుడు చెలరేగిన అల్లర్లలో ఆ పేరుకుపోయిన కోపం బయటపడింది. దేశంలో దాదాపు అందరూ మాట్లాడే క్రియోల్, ప్రాథమిక పాఠశాలల్లో ఐచ్ఛిక పాఠ్యాంశంగా అడుగుపెట్టింది 2012లో. తెలుగుకు తరగతి గది దొరికిన ఎన్నో ఏళ్ల తర్వాత.

దక్షిణాఫ్రికాలో ఇలాంటి కూలీల మనవల కథ వేరే దారి పట్టింది. 1860 నవంబర్ 16న 'ట్రూరో' ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. 1911 దాకా సుమారు లక్షా 52 వేల మంది నేటాల్‌కు వచ్చారు. అత్యధికులు మద్రాసు వైపు వారే. అక్కడి ఆంధ్ర మహాసభ మారిషస్ కంటే ముందే, 1931లోనే ఏర్పడింది. కానీ 1950 నాటి జనాభా నమోదు చట్టానికి తెలుగు, తమిళం తేడాలు అక్కర్లేదు. రంగు కావాలి. భారతీయులందరూ ఒకే గడిలో పడ్డారు. అదే ఏడాది వచ్చిన ప్రాంతాల విభజన చట్టం వాళ్ల ఇళ్లు ఖాళీ చేయించి చాట్స్‌వర్త్, ఆ తర్వాత ఫీనిక్స్ వంటి కాలనీల్లో కుక్కింది. పక్కపక్క ఇళ్లలో ఉన్న నాయుడు, పిళ్లై కుటుంబాలకు ఇంటిభాష ఇంగ్లిషైంది, తమిళ పంచాంగంలోని పురటాసి మాసం ఉపవాసాలు ఇద్దరివీ అయ్యాయి. ఇంత జరిగాక, 1996 రాజ్యాంగం దేశంలోని సమూహాలు వాడే భాషలను గౌరవించాలంటూ పేర్కొన్న వాటిలో తెలుగు పేరు కూడా చేర్చింది. ఇంకో దేశపు రాజ్యాంగంలో మన భాష పేరు ఉండటం గొప్పే. అయితే ఆ వాక్యం వెనుక బడులు, ఉద్యోగాలు, వాటాలు అంతగా లేవు. కనుక అది మారిషస్‌లోలా సమూహాన్ని మళ్లీ కట్టలేకపోయింది. మలేషియాలో తెలుగు పిల్లలకు దొరికింది తమిళ బడి. తెలుగు సంఘం ఉంది, 1981లో కౌలాలంపూర్‌లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలూ జరిగాయి. కానీ బడి తమిళానిది కావడంతో చాలా కుటుంబాలు తమిళంలోకి జరిగాయి.

అమెరికా సామాజికశాస్త్రం ఈ తరాల మార్పుకు తనదైన సూత్రం చెబుతుంది. కొడుకు వదిలించుకోవాలనుకున్న దాన్ని మనవడు వెతుక్కుంటాడన్న ధోరణిలో చరిత్రకారుడు మార్కస్ లీ హాన్సెన్ 1938లో ప్రతిపాదించాడు. ఆ వెతుకులాట ఖర్చులేని లాంఛనం, పండుగనాటి సరదా అని హెర్బర్ట్ గాన్స్ 1979లో తేల్చాడు. తెల్లజాతిలో కలిసిపోగలిగిన ఐరిష్, ఇటాలియన్ మనవలను చూసి చెప్పిన మాటలివి. మారిషస్ మనవడికి తెలుగు సరదా కాదు, బేరం చేసే శక్తి. డర్బన్ మనవడికి అది ఇష్టంతో ఎంచుకున్నది కాదు, చట్టం నొక్కేసినది. సూత్రం పుట్టిన ఊరు చూడకుండా దాన్ని మన ప్రవాసులకు అతికించడం మన పత్రికా వ్యాసాల్లో తరచు జరిగే పొరపాటు.

అమెరికా తెలుగు పిల్లల విషయంలోనూ అంతే. వాళ్ల తల్లిదండ్రులు వీసాల మీద వెళ్లిన చదువుకున్నవాళ్లు, వారానికోసారి ఊరికి వీడియో కాల్ చేసేవాళ్లు. 'మనబడి' తెలుగు తరగతులు, కూచిపూడి అరంగేట్రాలు చూసి తెలుగుకు అక్కడ భవిష్యత్తు ఉందనుకుంటాం. నాకు అంత నమ్మకం లేదు. అమెరికా జనగణన 1980లో 'ఆసియా భారతీయులు' అన్న గడి తెరిచింది. కాలేజీ దరఖాస్తులో, ఉద్యోగంలో, ఎన్నికల్లో పనికొచ్చే గుర్తింపు అదే. తెలుగుకు అలాంటి గడి లేదు. కనుక మూడో తరం భారతీయ అమెరికన్‌గా స్థిరపడే అవకాశమే ఎక్కువ. మారిషస్‌లో పట్టు సడలిన కులం అమెరికాలో మాత్రం తెలుగు సంఘాల చీలికల్లో పచ్చగా ఉంది. 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది, కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన అలాంటి బిల్లును గవర్నర్ తిప్పి పంపాడు. తాతల భాష రాని పిల్లలకు తాతల కులం గురించి జవాబు చెప్పుకోవలసిన రోజు రావచ్చు. ఏ గుర్తింపు మూడో తరం దాకా వెళుతుందో పంపించేవాళ్లు ఎంచుకోలేరు.

ఇప్పుడు భారత ప్రభుత్వమూ ఈ గీతలు గీసే పనిలోకి వచ్చింది. 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము పోర్ట్ లూయీలో ఉన్నప్పుడు, మారిషస్‌లోని భారత సంతతికి ఏడో తరం వరకు విదేశీ భారత పౌరసత్వ కార్డు ఇస్తామని ప్రకటించారు. చాలా దేశాల్లో మునిమనవల దగ్గరే ఈ అర్హత ఆగిపోతుంది. ఏడో తరం తన మొదటి తరాన్ని కాగితంతో రుజువు చేసుకోవాలి. ఆ కాగితాలు మోకాలో, మహాత్మా గాంధీ సంస్థ భద్రపరిచిన వలస రిజిస్టర్లలో ఉన్నాయి. కూలీ సంఖ్య, తండ్రి పేరు, కులం, ఊరు, కొందరివి ఫొటోలు. తాతముత్తాతలు వదిలేసిన కులం, పోగొట్టుకున్న ఊరు మళ్లీ ఈ దరఖాస్తుల దారిన చేతికొస్తాయి. ఫ్రెంచి, ఇంగ్లిషు గుమస్తాలు తమకు వినిపించినట్టు రాసుకున్న ఆ ఊళ్ల పేర్లను పోల్చి చెప్పగలిగే మనుషులు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి జిల్లాల్లోనే దొరుకుతారు. మన ప్రభుత్వాలు శాలువాలతో పంపే ప్రతినిధి బృందాల బదులు ఇద్దరు ముగ్గురు రికార్డులు చదవగలిగినవాళ్లను పంపితే మేలు. కార్డు చేతికొచ్చాక మాత్రం దాని మీద తెలుగు ప్రస్తావన ఉండదు. మతం గడిలో తెలుగు, బెస్ట్ లూజర్ లెక్కలో హిందువు అయిన మనిషి ఢిల్లీ ఇచ్చే కార్డు మీద భారత సంతతివాడు. ఎనిమిదో తరం వీటిలో దేన్ని ముందు చెబుతుందన్నది ఈ మూడు గుర్తింపుల్లో ఏది ఎక్కువ పనికొస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది.